పాత బరువు యంత్రం రూపాయిని ఎందుకు వెనక్కి పంపుతోంది?

రాయగడలో పాత సామాన్ల దుకాణంలో కొన్న బరువు చూసే యంత్రంలో దీపాలన్నీ వెలుగుతున్నా, రూపాయి వేస్తే కింది గిన్నెలోకి వచ్చేస్తోందని, ఒక్కోసారి ఏ నాణెమో లోపలే నిలిచిపోతోందని, నాణెం పెట్టెను విప్పి వంచి సరిచేయవచ్చా అని మీరు అడిగారు. దయచేసి ఇప్పుడే ఏదీ వంచకండి. బరంపురం స్టేషను దగ్గర మా మేనమామ గారి టీ కొట్టు ముందు ఇలాంటి యంత్రమే చాలా ఏళ్లు ఉండేది. ఆయన పోయాక దాని బాగోగులు నేను చూసుకున్నాను. మీరు చేయబోతున్న పనిని నేను అప్పట్లో చేసి నష్టపోయాను.

మా యంత్రంలో నాణెం వాలుగా ఉన్న దారిలో దొర్లి, త్రాసు కాడలాగా ఇరుసు మీద ఆడే ఒక చిన్న ఊయల మీద పడేది. ఊయల రెండు కొనల మధ్య దూరం కంటే వ్యాసం తక్కువైతే నాణెం సందులోంచి జారి గిన్నెలో పడుతుంది. వ్యాసం సరిపోయినా బరువు చాలకపోతే, అవతలి వైపున్న ఎదురు బరువును లేపలేక అక్కడే ఆగిపోయి, మీట నొక్కితేనే కిందికి దిగుతుంది. రెండూ సరిపోయిన నాణెం మాత్రమే ఊయలను వంచి ముందుకు వెళ్లి, మైక్రోస్విచ్ (మెల్లగా తాకినా కలిసే చిన్న స్విచ్) తీగను తాకి చీటీ వచ్చేలా చేస్తుంది.

ఇక నాణేల సంగతి చూడండి. 1992లో వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్ల వ్యాసం, 4.85 గ్రాముల బరువు ఉండేది. 2011 నాటి రూపాయి దాదాపు 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు, 2019 నాటిది 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములు. పాత రూపాయికి అమర్చిన ఊయల మీద కొత్త రూపాయి నిలవకపోవడం యంత్రం లోపం కాదు, అది తన పని తాను చేస్తోంది. ఈ లెక్క తెలియక నేను ఊయల కొనలను పటకారుతో దగ్గరికి వంచి, ఎదురు బరువును తగ్గించాను. కొత్త రూపాయి వెళ్లింది, కానీ దాంతోపాటు అవే కొలతలున్న పాత స్టీలు అర్ధ రూపాయి కూడా వెళ్లింది, పాత రూపాయి మాత్రం ఇరుక్కుపోయింది. వంచిన కొనను మళ్లీ సరిచేయబోతే విరిగింది, ఆ భాగం ఎక్కడా దొరకక ఇత్తడి రేకుతో చేయించుకోవలసి వచ్చింది.

పాత కొలతకే చేయించిన ఆ ఊయలతో యంత్రం మళ్లీ నడిచాక, ఒక పెద్దాయన పొరపాటున రెండు రూపాయల నాణెం వేస్తే వెంటనే చీటీ వచ్చింది. కొలిచి చూస్తే, 2011లో వచ్చిన రెండు రూపాయల నాణెం సరిగ్గా 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు ఉంది. ఆ రోజే ఒడియాలోనూ తెలుగులోనూ ధర మార్చి అట్ట రాసి పెట్టాను. అయితే 2019 తరువాతి రెండు రూపాయల నాణెం 23 మిల్లీమీటర్లే కనుక అది కూడా జారిపోతుంది. అదే ఏడాది వచ్చిన అయిదు రూపాయల నాణెం వ్యాసం 25 మిల్లీమీటర్లే అయినా బరువు 6.74 గ్రాములు, మందం ఎక్కువ, దారిలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా ఒక పాత రూపాయి సంపాదించి వేసి చూడండి.

మీ యంత్రం ఇంకా పాతదైతే, అంటే 26 మిల్లీమీటర్ల, 6 గ్రాముల రాగి నికెల్ రూపాయి కాలానిదైతే, దారి పక్కన ఇనుప బిళ్లలను పట్టే అయస్కాంతం ఉందేమో చూడండి. రాగి నికెల్ నాణేలు దానికి అంటుకోవు. స్టీలు నాణేలు అంటుకుని ఆగిపోతాయి. అలాంటప్పుడు అయస్కాంతాన్ని జాగ్రత్తగా తీసి దాచండి, పారేయకండి.

పాత రూపాయి కూడా ఆగితే, ప్లగ్గు పీకి, నాణెం దారిని స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. నూనె మాత్రం వేయకండి, అది దుమ్మును పట్టి జిగురులా మారుతుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో నూనె వేయాలనే కోరిక ఎక్కువ, నష్టమూ ఎక్కువే. యంత్రం నిటారుగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూడండి. అది కాస్త ఒరిగినా ఊయల తూకం తప్పుతుంది. చివరగా మైక్రోస్విచ్ తీగను వేలితో మెల్లగా నొక్కి, టిక్కుమనే శబ్దం విని, మల్టీమీటరుతో కనెక్షన్ కలుస్తోందో లేదో చూడండి. శబ్దం వస్తున్నా మీటరు కదలకపోతే స్విచ్ మార్చండి. తీసేముందు తీగ ఏ కోణంలో వంగి ఉందో ఫోటో తీసుకుంటే, కొత్తదాన్ని అదే వంపుతో బిగించవచ్చు.