ఇండక్షన్ స్టవ్ పెడితే బాక్స్ కాలిన వాసన: స్టెబిలైజర్ అక్కర్లేదు

గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇల్లు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్, 750 వాట్ల మిక్సీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెడుతున్నానని, కాలిన వాసన వస్తోందని, వోల్టేజ్ ఎక్కువై ఉంటుందా అని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి తప్పు వోల్టేజ్‌ది కాదండీ, ఆంప్స్‌ది, అంటే వైరులో పారే కరెంట్‌ది. ముందు ఆ బాక్స్ వాడకం ఆపేయండి, దయచేసి.

వాట్స్ అంటే వోల్ట్స్‌ని ఆంప్స్‌తో గుణించినది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. 2000ని 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంప్స్. మిక్సీకి ఇంకో 3.3. రెండూ కలిపి తిరిగితే 12 ఆంప్స్! మామూలు బాక్స్ 6 ఆంప్స్‌కే చేసినది. పైగా కరెంట్ రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అందుకే వాసన. వోల్టేజ్ సరిచేసే స్టెబిలైజర్ ఈ ఆంప్స్‌ని తగ్గించలేదు, దానికి డబ్బు పెట్టకండి.

స్టవ్‌ని నేరుగా గోడకున్న 16 ఆంప్స్ పవర్ ప్లగ్‌కి పెట్టండి. అది వంటింట్లో లేకపోతే ఓనర్‌గారితో మాట్లాడి, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో, ఎర్తింగ్‌తో, విడిగా 16 ఆంప్స్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) పెట్టించి లైన్ వేయించుకోండి. పెద్ద పిన్నుని చిన్న సాకెట్‌లో దూర్చే కన్వర్టర్ ప్లగ్ మాత్రం ఈ స్టవ్‌కి వద్దు.

మిక్సీకి మామూలు 6 ఆంప్స్ సాకెట్ చాలు. కాలిన బాక్స్‌ని సెల్ ఛార్జర్‌కి కూడా వాడొద్దు, పారేయండి.