టెక్ సందేహాలు: లేటెక్స్ పరుపు ఎన్ని కిలోలు తూగాలి?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. 78 x 60 అంగుళాల లేటెక్స్ పరుపు కోసం షాపింగ్ యాప్‌లలో వెతికితే, అన్నింటి మీదా ‘నేచురల్ లేటెక్స్’ (రబ్బరు చెట్టు పాలతో చేసిన ఫోమ్) అనే ఉంది కానీ ధరల్లో రెండింతల తేడా కనిపిస్తోంది. ఫిల్టర్లు పెట్టినా, ఏఐ చాట్‌బాట్‌ను అడిగినా స్పష్టత రాలేదు. తక్కువ ఖర్చులో అసలైనదాన్ని ఎంచుకోవడం ఎలా?

జవాబు: యాప్‌లోని ఫిల్టర్ అమ్మకందారు స్వయంగా నింపిన వివరాల మీదే పనిచేస్తుంది, చాట్‌బాట్ కూడా చాలావరకు ఆ వివరాలనే మంచి వాక్యాల్లో తిరిగి చెబుతుంది. కాబట్టి ‘నేచురల్’ అనే మాటను పక్కన పెట్టి, వివరాల పట్టికలో చాలామంది పట్టించుకోని గడి ఒకటి చూడండి. అది పరుపు బరువు.

78 x 60 అంగుళాల పొడవు వెడల్పులతో, 6 అంగుళాల మందంతో ఉన్న పరుపు ఘనపరిమాణం సుమారు 0.46 ఘనపు మీటర్లు. సహజ లేటెక్స్ ఫోమ్ సాంద్రత సాధారణంగా ఘనపు మీటరుకు 75 నుంచి 95 కిలోల మధ్య ఉంటుంది కనుక, పూర్తిగా లేటెక్స్‌తో చేసిన పరుపు ఇంచుమించు 35 నుంచి 43 కిలోలు తూగాలి. మామూలు పాలీయురెథేన్ ఫోమ్ సాంద్రత 30 నుంచి 40 వరకే ఉంటుంది కాబట్టి అదే కొలతలో ఆ పరుపు 14 నుంచి 18 కిలోలు తూగుతుంది. పేజీలో ‘లేటెక్స్ పరుపు’ అని రాసి, బరువు దగ్గర 20 కిలోలని ఉంటే, పైన ఒకటి రెండు అంగుళాల లేటెక్స్ పొర, కింద మామూలు ఫోమ్ ఉన్నాయని అర్థం. అలాంటి పరుపు పనికిరానిదేమీ కాదు, కానీ దానికి లేటెక్స్ ధర చెల్లించకూడదు. బరువు ఎక్కడా రాయకపోతే అమ్మకందారుకు ఈమెయిల్ పంపి అడగండి. అడిగినా చెప్పని వారి దగ్గర కొనవద్దనే నా సలహా.

అయితే బరువు సరిపోయినంత మాత్రాన నమ్మకం కుదిరినట్టు కాదు. తుక్కు ఫోమ్‌ను జిగురుతో అతికించి చేసే రీబాండెడ్ పరుపు కూడా బరువుగానే ఉంటుంది, పెట్రోలియం నుంచి తయారయ్యే సింథటిక్ లేటెక్స్‌లో సుద్దపొడి వంటివి కలిపి బరువు పెంచే అవకాశమూ ఉంది. అందుకే జిప్ ఉన్న కవర్‌తో వచ్చే పరుపునే ఎంచుకుని, ఇంటికి రాగానే, వాపసు గడువు ముగియకముందే, కవర్ తెరిచి చూడండి. రీబాండెడ్ అయితే రంగురంగుల ముక్కలు కళ్లకు కనబడతాయి. లేటెక్స్ అయితే మీగడ రంగులో, వరుసగా సన్నని రంధ్రాలతో, అరచేత్తో నొక్కి వదలగానే పైకి లేచే దిమ్మగా ఉంటుంది. తయారీలో రబ్బరు పాలను నురుగుగా గిలక్కొట్టి అచ్చులో పోసి ఉడికించేటప్పుడు, వేడి లోపలి వరకు సమానంగా చేరడానికి అచ్చులో నిలబెట్టే లోహపు కడ్డీల గుర్తులే ఆ రంధ్రాలు. సహజ లేటెక్స్, సింథటిక్ ఏ నిష్పత్తిలో ఉన్నాయో బిల్లు మీద రాయించుకోవడం మరువకండి. రాసిచ్చిన మాట తప్పని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడానికి అదే ఆధారం.

ధ్రువపత్రాల విషయంలో ఒక పొరపాటు చాలామందిలో కనిపిస్తుంది. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ముద్ర హానికర రసాయనాల పరీక్షకు సంబంధించినది, లేటెక్స్ ఎంత సహజమో అది చెప్పదు. సేంద్రియ లేటెక్స్‌కు ఇచ్చే గోల్స్ (GOLS) ముద్ర ఉంటే ముడిసరుకులో కనీసం 95 శాతం సేంద్రియమై ఉండాలి. ఓకో-టెక్స్ లేబుల్ మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో టైప్ చేసి సరిచూసుకోవచ్చు. ఫొటోలో బొమ్మ మాత్రమే ఉండి సంఖ్య కనిపించకపోతే దానికి విలువ ఇవ్వకండి.

ఇక ఖర్చు. మన దేశపు సహజ రబ్బరులో అధిక భాగం కేరళ తోటల నుంచే వస్తుంది, ఇక్కడి పరుపులు ఎక్కువగా డన్‌లప్ పద్ధతిలో, అంటే పైన చెప్పినట్టు నురుగును అచ్చులో పోసి నేరుగా ఉడికించే పద్ధతిలో తయారవుతాయి. శూన్యంలో ఉబ్బించి, గడ్డకట్టించి, ఆ తర్వాత ఉడికించే టాలలే పద్ధతి ఫోమ్ కొంచెం మెత్తగా, అంతటా ఒకే తీరుగా ఉంటుంది కానీ, తక్కువ బడ్జెట్‌లో దాని కోసం అదనంగా వెచ్చించనవసరం లేదు. పలు పొరల 10 అంగుళాల పరుపు కన్నా, మొత్తం లేటెక్స్‌తో చేసిన 6 అంగుళాల పరుపే మేలని నేను గట్టిగా చెబుతాను. మీ శరీర బరువు బాగా ఎక్కువైతేనే 8 అంగుళాలకు వెళ్లండి. రెండు పరుపుల మధ్య తేల్చుకోలేకపోతే ధరను బరువుతో భాగించి కిలోకు ఎంత పడుతుందో పోల్చండి. ఇంట్లో ఎవరికైనా రబ్బరు అలర్జీ ఉంటే ముందుగా వైద్యుణ్ని అడగాలి.

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో మాది ప్లైవుడ్ పరిచిన బాక్స్ మంచం. పాత పరుపు అడుగున నల్లటి మచ్చలు వచ్చాయి. లేటెక్స్ పరుపుకు అడ్డపట్టీల మంచం తప్పనిసరా? వడ్రంగికి ఏ కొలతలు చెప్పాలి?

జవాబు: ఆ మచ్చలు బూజు. రాత్రంతా శరీరం నుంచి దిగే తేమ పరుపు అడుగుకు చేరి, ప్లైవుడ్ దగ్గర బయటికి పోయే దారి లేక నిలిచిపోతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉండే చెన్నైలో అది ఆరడం మరీ కష్టం. నులక మంచానికి కింది నుంచి గాలి ఆడినట్టే ఇక్కడా ఆడాలి, అందుకే లేటెక్స్‌కు పట్టీలే సరైనవి.

అయితే లేటెక్స్ బరువైనది, మెత్తగా వంగేది. పట్టీల మధ్య ఖాళీ ఎక్కువైతే పరుపు అందులోకి దిగి, ఆ గీతల వెంటే కుంగుతుంది. ఖాళీ 5 సెంటీమీటర్లు ఉంటే మంచిది, ఎట్టి పరిస్థితిలోనూ 7.5 దాటకూడదు. 7 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలను 5 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే 78 అంగుళాల పొడవుకు 17 పట్టీలు పడతాయి. టింబర్ డిపోలో ముప్పావు అంగుళం మందం ఉన్న, బాగా ఆరిన రీపర్లు (సన్నని చెక్క పట్టీలు) అడగండి. రబ్బరు చెక్క కూడా చవకగా సరిపోతుంది, పాలు తగ్గిన ముసలి చెట్లను నరికి తీసే కలప అది. పరుపు, ఇద్దరు మనుషులు కలిస్తే బరువు 180 కిలోలకు చేరవచ్చు కాబట్టి, నిలువునా మధ్యలో ఒక దూలం, దాని కింద నేలను తాకే కాలు తప్పక ఉండాలి. దూలం లేని 60 అంగుళాల పట్టీలు కొన్నాళ్లకే వంగుతాయి. పైకి వంపు తిరిగిన, స్ప్రింగులా ఆడే రెడీమేడ్ పట్టీలు కూడా బాగుంటాయి కానీ, వాటిలో చాలావాటికి ఎడం ఎక్కువ, టేపుతో కొలిచాకే కొనండి. కొన్ని మంచాలు 150 x 200 సెంటీమీటర్ల కొలతలో వస్తాయి, 60 అంగుళాలంటే 152.4 సెంటీమీటర్లు కనుక అంచులున్న చట్రంలో పరుపు ఇరుక్కుంటుంది.

బాక్స్‌లో సామాను ఉండటం వల్ల ప్లైవుడ్ తీయలేకపోతే, దానికి ఆరేసి అంగుళాల దూరంలో అంగుళం రంధ్రాలు వేయించి, పైన అవే రీపర్లు పరిపించండి. పట్టీలు బిగించాక టేపు కనబడేలా ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే పరుపు కుంగిందని వారంటీ అడిగినప్పుడు చాలా కంపెనీలు ముందుగా మంచం గురించే ప్రశ్నిస్తాయి.

ప్రశ్న: దూది పరుపుల్లాగా లేటెక్స్‌ను కూడా మిద్దె మీద ఎండబెట్టవచ్చా?

జవాబు: వద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరును పసుపుబారేలా చేసి, గట్టిపరిచి, చివరికి పొడిపొడిగా రాలేలా చేస్తాయి. కిటికీలోంచి రోజూ నేరుగా పడే ఎండ కూడా మంచిది కాదు. కవర్‌ను మాత్రమే తీసి ఉతికి, ఆ సమయంలో పరుపును నీడలో ఫ్యాన్ కింద ఆరనివ్వండి. మూడు నెలలకోసారి తలవైపును కాళ్లవైపుకు తిప్పండి. పట్టుకుని లాగితే లేటెక్స్ చిరుగుతుంది కనుక, ఇద్దరు కలిసి కింద చేతులు పెట్టి ఎత్తాలి.