రేడియేటరు పగిలితే అతుకు వేయించకండి, మూతతో సహా మార్పించండి

మీ పాత కారు రేడియేటరు పై ట్యాంకుకు సన్నని పగులు వచ్చిందనీ, పసుపు వేస్తే కారడం ఆగిపోతుందని మెకానిక్ అంటున్నాడనీ, అలా చేయించవచ్చా అనీ అడిగారు. చేయించకండి. నల్లని ప్లాస్టిక్ ట్యాంకు పగిలిందంటే ఆ రేడియేటరు ఆయుష్షు తీరినట్టే. కొత్తది వేయించి, దానితోపాటు మూతను కూడా తప్పక మార్పించండి. విశాఖపట్నంలో పాత కారు నడిపే ప్రతివారికీ నేను చెప్పే మాట ఇదే.

మాది ఇరవై ఏళ్ళు దాటిన చిన్న పెట్రోలు కారు. ఒక కార్తీక మాసంలో ఇంటిల్లిపాదీ అరకు బయలుదేరాము. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతూ, టైడ తరువాతి మలుపుల్లో ఉండగా కారులోకి తియ్యని వెచ్చని వాసన రావడం మొదలైంది. ఉష్ణోగ్రత ముల్లు మాత్రం మామూలు చోటనే ఉంది. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, కారిపోయి మట్టం తగ్గినప్పుడు సెన్సరు నీటిలో మునిగి ఉండదు కనుక ముల్లు అసలు వేడిని చూపకపోవచ్చు. అందుచేత వాసననే నమ్మి, కాస్త వెడల్పైన చోట కారు ఆపి ఇంజన్ కట్టేశాను. బానెట్ ఎత్తి చూస్తే, పై గొట్టం తగిలించే మెడ దగ్గర వెంట్రుకవాసి చీలికలో నుండి ఆవిరి చిమ్ముతోంది.

మా వెనుక వస్తున్న లారీ డ్రైవరు ఆగి నీళ్ళ డబ్బా ఇచ్చి, క్యాబిన్‌లో నుండి పసుపు పొట్లం కూడా తెచ్చాడు. "వేసేయండి బాబూ, అరకు దాకా ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. అతని మంచితనాన్ని నేను ఎన్నటికీ మరువను. కానీ పసుపు పాత రాగి రేడియేటరులోని సూదిబెజ్జాన్ని కొంతకాలం పూడ్చగలదేమో గానీ, వేడెక్కినప్పుడల్లా నోరు తెరిచే ప్లాస్టిక్ చీలికలో నిలవదు. నిలవని ఆ పసుపు బురదై సన్నని అల్యూమినియం గొట్టాల్లోనూ, హీటరులోనూ పేరుకుంటుంది. రెండు ముద్దలు కలిపి పిసికి అంటించే జిగురు సంగతీ అంతే. చల్లని ట్యాంకు మీద రాయిలా ఉంటుంది, వేడికి ట్యాంకు సాగగానే అంచుల దగ్గర ఊడుతుంది.

నీళ్ళు మాత్రం పుచ్చుకున్నాను. పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడే వరకు ఆగి, మడతపెట్టిన తువ్వాలుతో మూత తీసి, ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిస్తూ కొద్దికొద్దిగా నీళ్ళు పోశాను. మూతను మొదటి గాడి వరకే తిప్పి వదిలేస్తే లోపల పీడనం పెరగదు, చీలిక నుండి కారడం తగ్గుతుంది. అయితే పీడనం లేని నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆ స్థితిలో ఎత్తు ఎక్కకూడదు. ఇంజన్ వేడిని కొంత లాగేందుకు హీటరు పూర్తిగా పెట్టి, గేరులోనే మెల్లగా దిగి శృంగవరపుకోట చేరాము. అక్కడి నుండి కారును వేరే బండి మీద ఎక్కించి గాజువాక ఆటోనగర్‌కు పంపించాను.

అక్కడి పెద్ద మేస్త్రీ రేడియేటరును ముట్టుకోకముందే మూతను చేతిపంపుకు బిగించి పరీక్షించాడు. దాని మీద 0.9 అని రాసి ఉంది, అంటే బయటి గాలి పీడనం కంటే సుమారు 0.9 బార్ ఎక్కువ దాకా అది ఆపాలి. పంపు ముల్లు ఆ అంకెను ఎంతో దాటిపోయినా వాల్వు తెరుచుకోలేదు. "ట్యాంకుని చంపింది ఈ మూతే సార్" అన్నాడు. ఆ మూత పని ఏమిటో చాలామంది పట్టించుకోరు. అది 0.9 పీడనాన్ని నిలిపి ఉంచితే మామూలు నీరు కూడా 118 డిగ్రీల దాకా మరగదు. అంతకు మించిన పీడనాన్ని అది బయటకు వదలాలి. వదలకపోతే ఏళ్ళ తరబడి వేడికి పెళుసుబారిన ప్లాస్టిక్ మెడే ముందు చీలుతుంది. రేడియేటరు అమ్మే దుకాణాలవారు ఇంత ముఖ్యమైన వస్తువు గురించి ఒక్క మాట చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పాత మూతను కొత్త ట్యాంకుకు బిగించి పంపేవారు ఎందరో ఉన్నారు.

మన ఊళ్ళో ఇంకొక కష్టం ఉంది. ఉప్పుగాలికి రేడియేటరు రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. తీరానికి దగ్గరలోని బోరు నీళ్ళలోనూ ఉప్పు ఎక్కువే. ఆ నీళ్ళనే రేడియేటరులో పోసి, నీళ్ళకు కూడా డబ్బు ఖర్చా అని అడిగేవారిని చూస్తే కోపం వస్తుంది. నీళ్ళు కలపని చిక్కని కూలెంట్, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోయించండి.

కొత్తది బిగించాక గాలి పూర్తిగా బయటకు పోయిందో లేదో దగ్గరుండి చూసుకోండి. మరునాడు ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్ళీ చూడండి. ఆయిల్ పుల్లను తీసి, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే కారు కదపకండి. ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పొర, అంటే హెడ్ గాస్కెట్, పోయి నీళ్ళు ఆయిల్‌లో కలిసి ఉండవచ్చు. తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు కాలువలో పారబోయనివ్వకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కనుక వీధి కుక్కలు నాకుతాయి, కొద్దిపాటి మోతాదుకే మూత్రపిండాలు చెడి చచ్చిపోతాయి. మూత ఉన్న డబ్బాలోకి పట్టించి, పాత ఆయిల్ సేకరించేవారు దాన్ని తీసుకుంటారేమో అడగండి.