హోమ్‌లో పెరిగినదాన్ని, టీమ్‌తో వేరే దేశం హోమ్‌కి వెళ్ళినదాన్ని: మిషన్ ట్రిప్ గురించి నా జవాబు

వందనాలు సిస్టర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్‌లోని మీ తెలుగు సంఘం నుంచి జూన్‌లో పదిహేను మంది ఉగాండా వెళ్తున్నారు. జింజా దగ్గర ఒక అనాథ పిల్లల హోమ్‌లో పది రోజులు సేవ, మనిషికి 3,400 డాలర్లు. మీకూ మీ పదిహేనేళ్ళ పాపకీ వెళ్ళాలని ఉంది. మీవారేమో "ఆ డబ్బేదో పంపిస్తే పోలా" అంటున్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమన్నారు.

నేను 2018 జూన్‌లో ఆ వైపే వెళ్ళాను, నర్సుగా. అది చెప్పేముందు ఇంకో సంగతి చెప్పాలి. ఎనిమిదో ఏట నుంచి పదో తరగతి అయ్యేదాకా నేను ఒంగోలు దగ్గర ఒక హోమ్‌లో పెరిగాను. మీరు ఇప్పుడు ఎవరిని చూడ్డానికి బయల్దేరుతున్నారో, ఒకప్పుడు నేను ఆ పిల్లల వరసలో నిలబడినదాన్ని. అందుకని జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాన్న పోయాక అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేది. సీజన్ ఉన్నన్నాళ్ళు పని, తర్వాత ఏది దొరికితే అది. తమ్ముడు మరీ చిన్నవాడని వాణ్ణి దగ్గర ఉంచుకుని నన్ను హోమ్‌లో వేసింది. నెలలో రెండో ఆదివారం వచ్చేది, కొబ్బరి నూనె సీసా, పొట్లంలో వేరుశనగ ఉండలు పట్టుకుని. జనవరి నెలలో మాత్రం రావద్దని చెప్పేవాళ్ళు. ఎందుకంటే సంక్రాంతి దాటగానే ఫారిన్ టీమ్ వచ్చేది. వారం ముందు నుంచి మాకు పాటలు, డాన్సులు, "వెల్‌కమ్" ప్రాక్టీసు. ఒకసారి నన్ను ముందుకి పిలిచి, పక్కన నిలబడ్డాయన టీమ్‌తో ఇంగ్లీషులో "ఈ పాపకి ఎవరూ లేరు" అన్నాడు. ఆరో తరగతిలో ఉన్నాను, ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. ఆ రోజు అన్నంలో కోడిగుడ్డు పెడతారని తెలుసు. నోరు మూసుకున్నాను.

ఆ ఏడాదే టీమ్‌లో ఒక ఆంటీ రోజూ నాకు జడ వేసేది. తలకి క్లిప్పులు పెట్టింది, నీలం రంగువి. మళ్ళీ ఏడు వస్తానని, ఉత్తరం రాస్తానని చెప్పి ఏడుస్తూ బస్సెక్కింది. టీమ్ వెళ్ళిన సాయంత్రం వార్డెనమ్మ క్లిప్పులన్నీ తీయించి ట్రంకు పెట్టెలో పెట్టేసింది, పోగొట్టుకుంటారని. పై జనవరికి వేరే మనుషులు వచ్చారు. నేను బస్సులోంచి దిగే ఒక్కొక్క మొహాన్నీ చూస్తూ గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ చెడ్డ మనిషి అని నేను ఇప్పటికీ అనుకోను. ఆమెకి అది పది రోజుల ప్రయాణం, అంతే. నాకు ఏడాది పొడుగునా చూసిన ఎదురుచూపు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ హోమ్ లేకపోతే నాకు మూడు పూటలా తిండి ఉండేది కాదు, నర్సింగ్ సీటు వచ్చేది కాదు, ఇవాళ టెక్సాస్‌లో కూర్చుని ఇది రాసేదాన్నీ కాదు. నిజంగా ఎవరూ లేని పిల్లలు మాలో ఐదారుగురు ఉన్నారు, వాళ్ళకి అదే ఇల్లు. మిగతావాళ్ళకి మాత్రం తల్లి ఉంది, లేదా తాతయ్యో మేనమామో ఉన్నారు. ఆ రోజుల్లో ఎవరైనా మా అమ్మ చేతికి నెలకి ఐదొందలు ఇచ్చి ఉంటే నేను తమ్ముడి పక్కన పడుకునే చదువుకునేదాన్ని. నా మీద అంతకంటే ఎక్కువే ఖర్చయి ఉంటుంది, ఫోటోలకీ పోస్టేజికీ కలుపుకుంటే.

ఇక ఉగాండా. ఎంటెబ్బీలో దిగి, కంపాలా ట్రాఫిక్ దాటి, మాబిరా అడవి గుండా వెళ్తే జింజా వస్తుంది. కంపాలా నుంచి ఎనభై కిలోమీటర్లు ఉంటుంది. నైలు మీద కొత్త బ్రిడ్జి అప్పటికింకా కడుతున్నారు. ఊరు చూస్తే నాకు ఆశ్చర్యమేసింది, మెయిన్ రోడ్డులో పాత మేడల మీద గుజరాతీ పేర్లు. 1972లో ఈదీ అమీన్ తొంభై రోజుల గడువిచ్చి ఆసియా వాళ్ళందర్నీ వెళ్ళగొట్టాక మిగిలిన గుర్తులవి. నైలు పుట్టేచోట గాంధీగారి విగ్రహం కూడా ఉంది, 1997లో అప్పటి మన ప్రధాని గుజ్రాల్ ఆవిష్కరించారు. చపాతీ వాళ్ళకి రోడ్డు పక్కన దొరికే రోజువారీ తిండి. అందులో ఆమ్లెట్ చుట్టి ఇస్తే రోలెక్స్ అంటారు. మొక్కజొన్న పిండితో చేసే పోషో అచ్చం మన సంకటి లాగే ఉంటుంది. నేను చేత్తో ముద్ద చేసి చిక్కుడు గింజల పులుసులో ముంచి తింటుంటే పిల్లలు నన్ను టీమ్ మనిషి కింద లెక్కేయడం మానేశారు. సరే, ఇది మీరు అడగలేదు.

హోమ్ గేటు తెరవగానే పిల్లలు పరిగెత్తుకొచ్చారు. నాలుగేళ్ళ బాబు ఒకడు, పేరైనా అడక్కముందే నా ఒళ్ళో ఎక్కి మెడ పట్టుకున్నాడు. పక్కనున్న ఆవిడ "చూడండి సిస్టర్, ఎంత ప్రేమో" అని కళ్ళు తుడుచుకుంది. నాకు భయమేసింది. ఇంట్లో పెరిగే నాలుగేళ్ళవాడు కొత్త మనిషిని చూస్తే ముందు అమ్మ కొంగు వెనక దాక్కుంటాడు. ఎవరు వచ్చినా ఒళ్ళో ఎక్కేస్తున్నాడంటే, వాడికి ఫలానా అనే మనిషి ఒకరు లేరని అర్థం. ఇది నా సొంత తెలివి కాదు. రుమేనియాలో 2000 సంవత్సరంలో బుకారెస్ట్ హోమ్‌లలోని 136 మంది చిన్నపిల్లలతో మొదలుపెట్టిన పరిశోధన ఒకటుంది. కొందరిని పెంపుడు కుటుంబాలకిచ్చి, కొందరిని హోమ్‌లోనే ఉంచి, ఏళ్ళ తరబడి చూశారు. కుటుంబంలోకి, అందులోనూ రెండేళ్ళ లోపు వెళ్ళిన పిల్లలు బాగా కోలుకున్నారు. మనుషుల్ని మార్చి మార్చి ప్రేమ చూపిస్తే పిల్లలకి అది ప్రేమగా అందదు. మేం పద్నాలుగు మందిమి ఆ పది రోజులూ చేసింది సరిగ్గా అదే.

పన్నెండు దాటిన పిల్లలు మాత్రం రాలేదు. వంటశాల గోడకి ఆనుకుని మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. మా టీమ్ లీడర్ వాళ్ళని "కొంచెం మొండి పిల్లలు" అన్నారు. నేనేమీ అనలేదు. నాకు వాళ్ళు తెలుసు.

మూడో రోజు మందుల క్యాంపు. ఆ ప్రాంతంలో జిగ్గర్ల బాధ ఎక్కువ. మట్టిలో ఉండే సన్నటి పురుగు పాదాల్లోకి దూరి గుడ్లు పెడుతుంది. పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళలో కాళ్ళు నానబెట్టి కూర్చోబెడుతున్నాం. పదేళ్ళ పిల్ల ఒకతె వంతు కోసం కూర్చుని ఉంటే, మీ ఊరేది అని అక్కడి స్థానిక నర్సు చేత అడిగించాను. ఊరు చెప్పింది. అమ్మ జింజా మార్కెట్‌లో టమాటాలు అమ్ముతుందట. అక్క, జాజ్జా కూడా ఉన్నారట (అమ్మమ్మనీ నాన్నమ్మనీ కూడా అక్కడ జాజ్జా అనే పిలుస్తారు). మరి ఇక్కడెందుకున్నావంటే "ఇక్కడ స్కూలు ఫీజు కట్టక్కర్లేదు" అంది. హోమ్ వాళ్ళు మాకిచ్చిన కార్డులో ఆ పిల్ల పేరు కింద అనాథ అని రాసి ఉంది.

మోసం అనెయ్యకండి, అది అంత తేలిక కాదు. యునిసెఫ్ లెక్క ప్రకారం తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా అనాథే. 2015లో ప్రపంచంలో అలాంటి పిల్లలు దాదాపు 14 కోట్ల మంది అని లెక్కేశారు, అందులో ఇద్దరూ పోయినవాళ్ళు కోటిన్నర. అంటే ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. ఉగాండాలో ఎయిడ్స్ ఒక తరాన్ని తుడిచిపెట్టాక లక్షల మంది పిల్లల్ని పెంచింది హోమ్‌లు కాదు, జాజ్జాలు. కానీ జాజ్జాకి ఫీజు కట్టడానికి స్పాన్సర్ దొరకడు, హోమ్‌కి దొరుకుతాడు. టీమ్‌లు వచ్చేకొద్దీ మంచాలు పెరుగుతాయి, మంచాలు నిండాలంటే పిల్లలు కావాలి. కంబోడియాలో ఇది మరీ ముదిరింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం తెచ్చినప్పుడు, సందర్శకుల డబ్బు కోసం పిల్లల్ని హోమ్‌లకి తరలించడం కూడా అందులో చర్చకొచ్చింది.

మన సంఘాల్లో ఈ ట్రిప్పులకి ఎప్పుడూ చదివేది యాకోబు 1:27. దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రని వారి ఇబ్బందిలో పరామర్శించమంటుంది. ఒకే ఊపిరిలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మనం పిల్లని హోమ్‌లో పరామర్శించి, ఆ పిల్ల తల్లైన విధవరాలిని మార్కెట్‌లో వదిలేసి వస్తున్నాం. ఎన్నేళ్ళుగా విన్న వాక్యమో, జిగ్గర్ల బకెట్ ముందు కూర్చునేదాకా నాకూ తట్టలేదు.

మేం ఒంగోలు వాళ్ళం కాబట్టి అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర కథ చిన్నప్పట్నుంచీ వింటాం. 1878లో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగిన సంగతే అందరూ చెప్తారు. దానికి ముందు 1876లో మొదలైన పెద్ద కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత ముక్క కాంట్రాక్టుకి తీసుకుని, జనాలకి తవ్వకం పని ఇచ్చి కూలి డబ్బులిచ్చాడు. కూలి చేతికొస్తే ఇంటిల్లిపాదీ కలిసే ఉంటారు. పైగా ఆయన దశాబ్దాల పాటు అక్కడే ఉన్నాడు.

మరి వెళ్ళాలా వద్దా? మీవారి మాటలో సగం నిజముంది. పదిహేను మంది కలిపి 51,000 డాలర్లు. ఆ డబ్బుతో ఏమేం చేయొచ్చో నేను చెప్పక్కర్లేదు. కానీ వెళ్ళకపోతే ఆ డబ్బు వేరే దానికి వస్తుందని కూడా నమ్మకం లేదు. మనుషులు చూడనిదానికి తొందరగా ఇవ్వరు, నేను కూడా చూశాకే ఇచ్చాను. అందుకే వద్దు అని కొట్టిపారెయ్యను. వెళ్తే పిల్లల్ని ఆడించడానికి కాక, పిల్లల్ని చూసుకునేవాళ్ళకి పనికొచ్చేలా వెళ్ళండి. మా ట్రిప్‌లో మిగిలింది ఏమైనా ఉందంటే, ఆ స్థానిక నర్సుతో కూర్చుని రెండు మధ్యాహ్నాలు హోమ్ ఆయాలకి జ్వరం చూడటం, ఓఆర్ఎస్ కలపడం, ఏ లక్షణం కనిపిస్తే మలేరియా టెస్టుకి పరిగెత్తాలో చెప్పడం. వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిల్ క్లాసులు) పాటలు వాళ్ళకి మాకంటే బాగా వచ్చు, ఆ పని అక్కడి సంఘానికే వదిలెయ్యొచ్చు.

ఫోటోల సంగతి మీ పాపకి ముందే చెప్పండి. పిల్లల మొహాలు ఇన్‌స్టాలో పెట్టొద్దు. మన దేశంలోనైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్నే ఒప్పుకోదు. మన పిల్లల స్కూల్లోకి పదిహేను మంది విదేశీయులు వచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుని సెల్ఫీలు తీస్తే మనం ఊరుకుంటామా? "మళ్ళీ వస్తాను" అనే మాట, నిజంగా టికెట్ కొంటే తప్ప, ఏ పిల్లకీ చెప్పొద్దనండి.

మేం తిరిగొచ్చాక సంఘంలో పెద్ద గొడవే అయింది. సాక్ష్యం చెప్పమని నన్ను పిలిస్తే నేను ఇదంతా చెప్పాను, కొందరికి కోపం వచ్చింది. ఒకాయన "హోమ్‌లో పెరిగి హోమ్‌లనే తప్పుపడుతోంది" అన్నాడు. చివరికి నాలుగు కుటుంబాలం కలిసి, హోమ్ ద్వారా కాకుండా, అక్కడి ఒక సోషల్ వర్కర్ ద్వారా కొందరు తల్లులకి, జాజ్జాలకి ఫీజులు, యూనిఫామ్ ఖర్చు పంపడం మొదలుపెట్టాం. టమాటాల అమ్మకి కూడా. 2020 మార్చిలో కోవిడ్‌కి ఉగాండాలో స్కూళ్ళు మూసేశారు, పూర్తిగా తెరిచేసరికి 2022 జనవరి వచ్చింది. అప్పుడు హోమ్ ఖర్చు భరించలేక పిల్లల్ని ఇళ్ళకి పంపేసింది. ఎవరూ లేరని మాకు కార్డులిచ్చిన పిల్లల్లో చాలామందికి వారంలో ఇళ్ళు దొరికాయి.

కాబట్టి డబ్బు కట్టేముందు మీ పాస్టర్ గారి చేత ఆ హోమ్‌ని ఒక్క ప్రశ్న అడిగించండి: పోయిన ఏడాది మీ దగ్గర్నుంచి ఎంతమంది పిల్లలు తిరిగి ఇంటికి వెళ్ళారు? నంబరు చెప్పి, ఎలా పంపారో, తర్వాత ఎలా ఉన్నారో వివరంగా చెప్తే నిశ్చింతగా వెళ్ళండి. "ఇదే వాళ్ళ ఇల్లు" అంటే ఇంకోసారి ఆలోచించండి.

ఏదేమైనా ఎల్లో ఫీవర్ సూది ఇప్పుడే వేయించుకోండి. ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకోవాలి, కార్డు లేకపోతే ఉగాండాలోకి రానివ్వరు. వచ్చేటప్పుడు హైదరాబాద్ దిగి అమ్మావాళ్ళని చూసొద్దామనుకుంటే ఆ కార్డు అక్కడా చూపించాలి, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు మింగాలి, మా టీమ్‌లో ఇద్దరు ఇంటికొచ్చాం కదా అని మధ్యలో మానేశారు. విక్టోరియా సరస్సులో, నైల్లో ఈతకి దిగొద్దు, బిల్‌హార్జియా (నీళ్ళలోని పురుగు చర్మంలోంచి ఒంట్లోకి దూరి వచ్చే జబ్బు) అంటుకుంటుంది. మీ పాపకి ఈత అంటే ఇష్టమన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను. హోమ్ వాళ్ళు ఏం జవాబిచ్చారో ఇక్కడ రాయండి. నాకు ఈ వారమంతా నైట్ డ్యూటీలే, పగలు లేచాక చూస్తాను.