ఈ చలికాలం మీ అబ్బాయిని తోటలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా వారికి చిన్న టిఫిన్ హోటల్ ఉంది. మా అబ్బాయి ప్లస్ టూ ఆర్ట్స్ పూర్తి చేశాడు. డిగ్రీలో చేరమంటే తోట పని నేర్చుకుంటానంటున్నాడు. సెలవుల్లో ఒక మాలి వెంట తిరిగేవాడు. "ఇంత చదివించి చేతికి పార ఇస్తారా" అని బంధువులు అంటున్నారు. చలికాలం వస్తే మొక్కలు ఎదగవని, పనే ఉండదని కూడా చెబుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పనితో బతకగలడా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ చలికాలం మాట తేల్చుకుందాం. మంచు పడి నేల గడ్డకట్టే దేశాల్లో తోటమాలికి ఇవి ఖాళీ నెలలు. మన దగ్గర అలా కాదు. బంతి, చామంతి, డాలియా, పిటూనియా, సాల్వియా, అన్నీ కళకళలాడేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. కాలనీల్లో, గెస్ట్ హౌసుల్లో మాలికి ఊపిరాడని రోజులివి.

ఆ పూల వెనక పని మాత్రం ఎప్పుడో మొదలవుతుంది. చామంతి పిలకలు వానాకాలంలోనే నాటుకోవాలి, గుబురుగా రావాలంటే తలలు తుంచాలి. రాత్రులు పొడుగయ్యాకే అది మొగ్గ తొడుగుతుంది. అందుకే రాత్రంతా వీధి లైటు పడేచోట పెట్టిన కుండీ ఆకులతో ఏపుగా ఉంటుంది గానీ పూత వెనకబడుతుంది. పిటూనియా నారు సెప్టెంబరు, అక్టోబరుల్లో పోయాలి. గులాబీలు అక్టోబరులో కత్తిరిస్తే ఆరేడు వారాలకు పూలు. ఈ లెక్కలు మీ అబ్బాయికి వచ్చా? ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మొక్కలంటే ఇష్టం చాలామందికి ఉంటుంది. మూడు నెలల ముందు చూపు ఉన్నవాడే ఈ పనిలో నిలబడతాడు.

ఒక డిసెంబరులో సునాబేడలో ఒక పెద్ద మాలితో ఒక పూట గడిపాను. పొగమంచులో ఎదుటి గేటు కూడా కనబడటం లేదు. ఆరింటికే వచ్చాడు గానీ పైపు ముట్టుకోలేదు. ఒక్కో కుండీలో వేలు రెండు కణుపుల లోతుకు దింపి చూశాడు. పైన పొడిగా ఉన్న మట్టి లోపల చల్లగా, తడిగా ఉంది. "దీనికివాళ వద్దు" అని పక్కదానికి వెళ్లాడు. నీళ్లు పెట్టింది ఎండ పొడిచాకే, అదీ మొక్క మొదట్లోనే, ఆకుల మీద పడకుండా. ఆకుల మీద రాత్రంతా తడి నిలిస్తే గులాబీకి నల్లమచ్చ తెగులు పడుతుందట. మచ్చ వచ్చిన ఆకులు ఏరి సంచిలో వేసుకున్నాడే తప్ప అక్కడే పారేయలేదు.

అక్కడే ఒక మల్లె పొద ఉంది. కొన్ని వారాలుగా దానికి నీళ్లు ఆపేశాడు. ఆకు రాలి, పుల్లలు తేలింది. ఇంటావిడ వచ్చి, చెట్టు చచ్చిపోతోందని కోప్పడింది. ఆయన ఒక పుల్ల మీద గోటితో గీరి, లోపలి పచ్చదనం చూపించాడు. "పడుకోనివ్వండమ్మా. జనవరిలో కత్తిరించి నీళ్లిస్తాను, ఎండాకాలం మీరే కోసుకుందురు గాని" అన్నాడు. కత్తెర పట్టడం ఎవరికైనా నేర్పవచ్చు. నీళ్లు పొయ్యకుండా ఆగడం, ఎందుకు ఆగాడో ఇంటివాళ్లకు మర్యాదగా చెప్పడం, ఇవి ఒక చలికాలమైనా పక్కనుంటే తప్ప రావు.

ఇక డబ్బు సంగతి. మొదటి రెండేళ్లు సంపాదన తక్కువే, దాచి ప్రయోజనం లేదు. మన చుట్టుపక్కల జేకేపూర్, దామన్‌జోడి, సునాబేడ లాంటి కంపెనీ టౌన్‌షిప్‌లున్నాయి. అలాంటి చోట్ల తోట పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతిలో ఉంటుంది కాబట్టి చేరేముందు జీతంతోపాటు పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయో లేదో అడగమనండి. నా ఉద్దేశంలో మెరుగైన దారి, పని పట్టుబడ్డాక నెలకింత అని ఇళ్లు ఒప్పుకుని వారానికి రెండుసార్లు వెళ్లడం, పక్కనే చిన్న నర్సరీ పెట్టుకోవడం. రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు కడియం వెళ్లి తెలుగులో బేరమాడి మొక్కలు తెచ్చి, ఇక్కడ ఒడియాలో అమ్మగలడు. రెండు భాషలూ వచ్చిన పిల్లవాడికి ఇది చిన్న బలం కాదు.

చదువు విషయంలో ఒక మాట. నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్‌కు ప్లస్ టూలో సైన్స్ ఉండాలి. ఆర్ట్స్ వాళ్లకు కుదరదు కాబట్టి దాని కోసం ఎవరికీ డబ్బు కట్టకండి. ఐటీఐల్లో హార్టికల్చర్, ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్ అని ఏడాది ట్రేడులున్నాయి. మీకు దగ్గర్లో ఎక్కడ నడుస్తున్నాయో కనుక్కోండి. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) నర్సరీ శిక్షణ ఉచితం, 18 ఏళ్లు నిండి ఉండాలి. గుణుపూర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడిగితే శిక్షణల వివరాలు చెబుతారు. డిగ్రీ లేదన్న బెంగ మీకు ఉండిపోతుందనుకుంటే, దూరవిద్య నడిపే ఇగ్నోలో జనవరిలో కూడా అడ్మిషన్లుంటాయి. పని చేసుకుంటూనే బీఏ చదువుతాడు.

దీపావళి వెళ్లింది. ఇప్పటి నుంచి శివరాత్రి దాకా ఆ మాలి దగ్గరకే రోజూ పంపండి. ఇంట్లో పోరు పెట్టకండి, పొద్దున్నే నిద్ర కూడా లేపకండి. చలిలో తనంతట తాను లేచి వెళ్తున్నాడా లేదా అన్నది చూడండి. చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చి, ఏ రోజు ఏం నాటాడో, దేనికి నీళ్లు ఆపాడో రాయమనండి. శివరాత్రి వెళ్లాక ఆ నోట్‌బుక్‌తో అబ్బాయినే నా దగ్గరకు రమ్మనండి. ఎన్ని మొక్కలు చచ్చాయో, ఎందుకు చచ్చాయో ముందు అది మాట్లాడుకుంటాం.