చవక గేమింగ్ ల్యాప్‌టాప్: కోత ఎక్కడ పడిందో చూసుకుని కొనండి

మే నెల వచ్చిందంటే నా వాట్సాప్‌కి వచ్చే ప్రశ్నల్లో సగం పచ్చళ్ల గురించి, సగం ల్యాప్‌టాప్ గురించి. పచ్చళ్ల సంగతి మా ఆవిడ చూసుకుంటుంది. ల్యాప్‌టాప్ ప్రశ్న మాత్రం ఏటా ఒకటే: "అన్నా, ఎమ్మెస్‌కి డాలస్ వస్తున్నా. తొంభై వేలలో గేమింగ్ ల్యాప్‌టాప్ చూశాను. ఇక్కడే కొనుక్కుని రానా, అక్కడికొచ్చాక కొననా?"

ఎక్కడ కొనాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఆ తొంభై వేలలో మంచి గ్రాఫిక్స్ కార్డు ఇచ్చాడంటే, ఇంకెక్కడో కోత పెట్టాడన్నమాట. బిర్యానీ ఘనంగా పెట్టి కుర్చీలు తక్కువ వేసిన పెళ్లి లాంటిది. కుర్చీలు ఎక్కడ తగ్గాయో ముందే కనిపెడితే కొన్నాక బాధ ఉండదు.

మొదటి కోత కార్డులోనే ఉంటుంది. డబ్బా మీద ఆర్‌టీఎక్స్ 4060 (ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు పేరు అది) అని రాసి ఉంటే అన్నీ ఒకటే అనుకోకండి. ల్యాప్‌టాప్ 4060ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతలోనైనా నడిపే వెసులుబాటు తయారీదారుకి ఉంది. పేరు ఒకటే, వేగం వేరు. బాగా తక్కువ వాట్లు ఇచ్చిన 4060ని, నిండుగా వాట్లు ఇచ్చిన 4050, అంటే దాని కింది తరగతి కార్డు, అందుకోగలదు, ఒక్కోసారి దాటేస్తుంది కూడా. ఈ అంకె డబ్బా మీద ఉండదు. కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్ల అడుగున టీజీపీ అనో, మ్యాక్స్ గ్రాఫిక్స్ పవర్ అనో రాస్తారు. అక్కడ కూడా లేకపోతే నేనైతే అనుమానిస్తాను. కార్డులోనే చూడాల్సింది ఇంకోటి, దాని మీది మెమరీ. 4050లో 6 జీబీ ఉంటుంది, 4060లోనూ 2025లో వచ్చిన 5050, 5060ల్లోనూ 8 జీబీ ఉంటుంది. దీన్ని తర్వాత పెంచుకోలేం. పాత 4 జీబీ కార్డులు ఇంకా అమ్ముతున్నారు, ఎంత తగ్గించినా వద్దు.

రెండో కోత తెర. మా అన్నయ్య కొడుకు సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి ఒకటి కొనుక్కొచ్చాడు. ఆటలు బ్రహ్మాండంగా ఆడుతోంది. ఓ ఆదివారం మా ఇంట్లో దాని మీద వాళ్లమ్మకి వీడియో కాల్ చేశాడు. వదిన కట్టుకున్నది కనకాంబరం రంగు చీరట, మాకు మాత్రం పాత ఇటుక రంగులో కనబడింది. స్పెసిఫికేషన్లో చూస్తే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత), 250 నిట్స్ (వెలుతురు కొలత) అని ఉంది. అంటే రంగులు వెలిసిపోతాయి, కిటికీ పక్కన కూర్చుంటే తెర మీద మన మొహమే కనబడుతుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే), 300 నిట్స్ లేదా ఆపైన ఉన్నది చూసుకోండి. 144 హెర్ట్జ్ (తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పేది) అన్న అంకెని పెద్దగా వేసి ఈ రెండు అంకెల్నీ దాస్తారు. రేపు ప్రాజెక్టు, రెజ్యూమె, సినిమా, అమ్మానాన్నలతో మాటలు అన్నీ ఆ తెర మీదే కదా.

ర్యామ్ విషయంలో నా పాత సలహా మార్చుకున్నాను. ఇదివరకు "8 జీబీది కొనేయ్, తర్వాత ఇంకో స్టిక్ వేసుకో" అనేవాణ్ణి. 2025 చివర నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి, ఆ లెక్క ఇప్పుడు కుదరదు. 16 జీబీ ఉన్నదే తీసుకోండి, వీలైతే రెండు 8 జీబీ స్టిక్కులుగా. ఒకే స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కి మెమరీ ఒకే దారిలో అందుతుంది, ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది.

ఇక అంకెల్లో దొరకనివి: బరువు, బ్యాటరీ, చప్పుడు. ఇండియాలో గది దాటని ల్యాప్‌టాప్ ఇక్కడ రోజంతా మీ వీపు మీద ఉంటుంది. మొదటి సెమిస్టర్లో కారుండదు. ఆగస్టులో డాలస్ ఎండ మన రెంటచింతల ఎండకి తీసిపోదు, 38 డిగ్రీలు దాటడం మామూలే. రెండున్నర కిలోల ల్యాప్‌టాప్, ఇటుకంత చార్జరు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా మోసుకుంటూ బస్టాపు దాకా నడవాలి. చార్జరు గదిలో వదిలేసి వెళ్దామంటే చాలావాటి బ్యాటరీ మూడు నాలుగు గంటలకి మించి రాదు. క్లాసులో గోడ పక్క ప్లగ్గు ఉన్న కుర్చీ కోసం అందరికంటే ముందు పరిగెత్తేది గేమింగ్ ల్యాప్‌టాప్ వాళ్లే. బ్యాటరీ మీద ఆట ఆడదామన్నా కుదరదు, చార్జరు తీయగానే కార్డు వేగం పడిపోతుంది.

దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. కొన్ని మోడళ్లు యూఎస్‌బీ-సీ ద్వారా కూడా చార్జ్ అవుతాయి. అలాంటిది తీసుకుంటే పెద్ద చార్జరు గదిలో ఉంచి, 65 లేదా 100 వాట్ల చిన్న చార్జరు బ్యాగులో వేసుకోవచ్చు. ఆటలకి చాలదు గానీ క్లాసుకి చాలు. కొనేముందు ఈ ఒక్కటీ అడగండి.

చప్పుడు సంగతి మీ రూమ్మేట్లు చెప్తారు. అద్దె తగ్గుతుందని హాల్లో పరుపు వేసుకునేవాడు ఒకడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. రాత్రి ఒంటిగంటకి మీరు ఆట మొదలుపెడితే ఫ్యాను హోరు అతని తలగడ దగ్గరే.

అసలు గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలా అంటే, "మెషీన్ లెర్నింగ్ కోర్సు ఉంది, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) తప్పనిసరి" అని నాన్నకి చెప్పి డబ్బులు తీసుకునేవాళ్లని చాలామందినే చూశాను. సగం నిజం. ఎన్విడియా కార్డు ఉంటే చిన్న ప్రయోగాలు గదిలోనే చేసుకోవచ్చు. కానీ బ్రౌజర్లోనే గూగుల్ కంప్యూటర్లు వాడుకోనిచ్చే గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే టీ4 కార్డుకే 16 జీబీ మెమరీ ఉంటుంది, ఎప్పుడూ దొరుకుతుందన్న గ్యారంటీ లేకపోయినా. పెద్ద పనులకి చాలా యూనివర్సిటీల్లో సొంత క్లస్టర్ (కలిపి నడిపే పెద్ద కంప్యూటర్ల గుంపు) ఉంటుంది. మెకానికల్ వాళ్లది వేరే కథ, సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీదే నడుస్తాయి, వాళ్లకి ఈ ల్యాప్‌టాప్ నిజంగా పనికొస్తుంది. ఆటల కోసమే కావాలంటే అదే చెప్పండి, తప్పేముంది? కొత్త దేశంలో మొదటి చలికాలం గడవడానికి నాలుగు ఆటలు ఉండడం మంచిదే.

ఇప్పుడు ఎక్కడ కొనాలన్నది. పని చేస్తున్న పాత ల్యాప్‌టాప్ ఉంటే దాంతోనే రండి, నవంబరు దాకా నెట్టుకురండి. థాంక్స్‌గివింగ్ మర్నాడు వచ్చే బ్లాక్ ఫ్రైడే అమ్మకాల్లో ఈ తరగతి ల్యాప్‌టాప్‌లే ఎక్కువగా తగ్గిస్తారు. అప్పటికి మీ కోర్సుకి ఏం కావాలో మీకూ తెలుస్తుంది. ధర చూసేటప్పుడు మన ఎమ్మార్పీ అలవాటుతో మోసపోకండి, ఇక్కడ రాసిన ధరలో పన్ను ఉండదు. డాలస్‌లో 8.25 శాతం కలిపితే 899 డాలర్లది 973 అవుతుంది. కాస్ట్‌కో అనే పెద్ద స్టోర్లో మెంబర్‌షిప్ ఉన్న సీనియర్ ఎవరైనా తెలిస్తే వాళ్లతో వెళ్లండి, అక్కడ కంప్యూటర్లని 90 రోజుల్లోపు వెనక్కి ఇవ్వొచ్చు. ఎలక్ట్రానిక్స్ అమ్మే బెస్ట్ బై షాపులో ఓపెన్ బాక్స్ సరుకు కూడా చూడొచ్చు. ఎవరో కొని తిరిగిచ్చినవి అవి, మా ఇంట్లో రెండు నడుస్తున్నాయి.

వాయిదాల కార్డు విషయంలో జాగ్రత్త. "12 నెలలు వడ్డీ లేదు" అనే స్టోర్ కార్డుల్లో చాలావాటికి ఒక మెలిక ఉంటుంది. గడువులోగా పూర్తిగా కట్టకపోతే, మిగిలినదాని మీద కాదు, కొన్న రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ మొత్తం వేస్తారు. ఇంకో 40 డాలర్లు బాకీ ఉన్నా సరే.

ఇండియాలోనే కొంటానంటే వారంటీ అమెరికాలో చెల్లుతుందా లేదా కంపెనీ సైట్లో చూసుకోండి, షాపు అబ్బాయి మాట మీద పోకండి. విమానంలో చేతి బ్యాగులోనే పెట్టుకోండి. చార్జరు మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి, దాదాపు అన్నిటికీ ఉంటుంది. అలా ఉంటే గోడకి పెట్టే వైరు ఒక్కటి మారిస్తే చాలు, ఇక్కడ పది డాలర్ల లోపే దొరుకుతుంది. రెండు పుల్లల ట్రావెల్ అడాప్టర్ పెడితే ఎర్త్ ఉండదు, మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. మా అన్నయ్య కొడుక్కైతే అమెరికాలో 120 వోల్టులే అని చెప్పి, ఓ షాపాయన నాలుగు కిలోల కన్వర్టర్ కూడా అంటగట్టాడు. దాన్ని సూట్‌కేసులో పెట్టడానికి వదిన రెండు కిలోల అరిసెలు, రెండు కిలోల గోంగూర పచ్చడి తీసేసింది. ఆ కన్వర్టర్ ఇప్పుడు మా గరాజ్ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉంది.