నింగ్బో బడి, మూడంగుళాల పాదాలు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: చైనాలో ఆడపిల్లలకు మొదట బడి పెట్టింది ఓ ఇంగ్లీషు దొరసాని అని చదివాను. ఆవిడకీ మన విశాఖపట్నానికీ ఏమైనా సంబంధం ఉందా?
– పాఠకురాలు, డాబాగార్డెన్స్

జవాబు: నేరుగా లేదు గానీ దూరపు చుట్టరికం ఉందండి. ఆవిడ పేరు మేరీ ఆన్ ఆల్డర్సీ (1797–1868). లండన్ మిషనరీ సొసైటీ 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజిలను విశాఖపట్నం పంపింది. రెండేళ్లు తిరక్కుండానే, 1807లో, అదే సొసైటీ రాబర్ట్ మోరిసన్‌ను చైనాలోని కాంటన్‌కు పంపింది. ఇక్కడికొచ్చినవాళ్లు, క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుణ్ణి పక్కన పెట్టుకుని సువార్తలను తెలుగు చేస్తుంటే, అక్కడ మోరిసన్ చాటుమాటుగా చైనా భాష నేర్చుకున్నాడు. విదేశీయుడికి భాష చెబితే గురువు తలకే ముప్పు అన్న రోజులవి.

ఆ మోరిసన్ 1824లో సెలవు మీద లండన్ వెళ్లి, ఉన్న రెండేళ్లలో కొందరికి చైనా భాష నేర్పాడు. వాళ్లలో ఆల్డర్సీ ఒకరు. వెంటనే బయల్దేరడం కుదరలేదు. సోదరుడి భార్య పోవడంతో వాళ్ల పిల్లల బాధ్యత ఆమె మీద పడింది. 1837లో గానీ ఓడ ఎక్కలేదు. అదీ చైనాకు కాదు, జావాకు. సురబయలో స్థిరపడ్డ చైనా కుటుంబాల ఆడపిల్లలకు చదువు చెప్పింది. బ్రిటన్‌తో చైనా చేసుకున్న 1842 నాంకింగ్ ఒప్పందంతో విదేశీయులకు అయిదు రేవులు తెరుచుకున్నాక, వాటిలో ఒకటైన నింగ్బో చేరి, 1844లో సొంత డబ్బుతో బడి మొదలుపెట్టింది. ఏ సొసైటీ జీతమూ తీసుకోలేదు. 

ప్రశ్న: ఊరికే చదువు చెబుతామన్నా తల్లిదండ్రులు పిల్లల్ని పంపలేదట. ఎందుకని?
– పాఠకుడు, గాజువాక

జవాబు: ఊరికే ఇస్తామన్నదే అనుమానం పుట్టించింది. ఏ లాభమూ లేకుండా పరాయి మనిషి తిండీ బట్టా ఎందుకిస్తుంది? మందుల కోసం పిల్లల కళ్లు పీకుతారన్న పుకారు ఆ రోజుల్లో చాలా చైనా ఊళ్లలో ఉండేది. ఆల్డర్సీ తెల్లవారకముందే కోటగోడ మీద నడకకు వెళ్లేది. చేతిలో, కళ్లు తిరిగితే వాసన చూసే ఉప్పుసీసా. మూత తీసినప్పుడల్లా అందులోంచి దయ్యాల్ని వదులుతోందని జనం చెప్పుకున్నారు.

అందుకే మొదట వచ్చినవాళ్లు ఎక్కువగా గడవని ఇళ్ల పిల్లలే. ఆ కాలపు మిషన్ బడుల్లో తిండి, బట్ట, బస బడివే. బదులుగా పిల్లను ఇన్నేళ్ల దాకా మధ్యలో తీసుకెళ్లబోమని తల్లిదండ్రుల చేత కాగితం రాయించుకునేవారు. అది లేకపోతే కొత్త బట్టలిచ్చిన మర్నాడే పిల్ల మాయం. అసలు చిక్కు పెళ్లి దగ్గర వచ్చేది. చిన్నప్పుడే సంబంధం ఖాయం చేసేవాళ్లు కాబట్టి, అత్తవారు రమ్మన్న రోజున చదువు ఆగిపోయేది. నింగ్బో బడిలో చదువుతో పాటు కుట్టుపని, ఎంబ్రాయిడరీ కూడా ఉన్నాయి. పిల్లను పంపే తల్లికి బైబిలు కన్నా సూది చూపిస్తేనే ధైర్యం.

ప్రశ్న: పాదాలు కట్టేయడం అంటే ఏం చేసేవారు? బడిలో చేరాక విప్పేస్తే మామూలైపోయేవా?
– ఇంటర్ విద్యార్థిని, సీతమ్మధార

జవాబు: మామూలు కావు. ఎందుకో తెలియాలంటే కట్టడం తెలియాలి. పిల్లకు నాలుగు నుంచి తొమ్మిదేళ్ల మధ్య మొదలుపెట్టేవారు. పాదాలు మొద్దుబారి నొప్పి తక్కువ తెలుస్తుందని చలికాలం చూసుకునేవారు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, గోళ్లు పొట్టిగా కత్తిరించి, వేళ్ల సందుల్లో పటిక పొడి చల్లేవారు. సుమారు పది అడుగుల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డపట్టీ తీసుకుని, బొటనవేలిని వదిలేసి మిగతా నాలుగు వేళ్లనూ అరికాలి కిందికి మడిచి చుట్టేవారు. తర్వాత మడమను ముందుకు, వేళ్లను వెనక్కు లాగి బిగించేవారు. కొన్నాళ్లకోసారి విప్పి, కడిగి, ఇంకాస్త గట్టిగా కట్టేవారు. అలా రెండేళ్లకు వంపు దగ్గర పాదం మడతపడేది. మూడంగుళాలకు కుదించిన పాదాన్ని 'బంగారు తామర' అనేవారు.

గోరు మాంసంలోకి దిగి చీము పట్టడం మామూలు. నెత్తురు ఆడక వేళ్లు నల్లబడి రాలిపోవడమూ ఉండేది.

విప్పడంలో జరిగే తప్పు ఒక్కసారిగా పట్టీ తీసేయడం. నెత్తురు ఒక్కుమ్మడిగా దిగి పాదం వాస్తుంది, కట్టినప్పటి కన్నా ఎక్కువ బాధ. ఏళ్లతరబడి ఆ పట్టీయే పాదానికి ఆసరా కాబట్టి అది లేకపోతే నిలబడలేరు కూడా. రోజూ వేడినీళ్లలో నానబెట్టి, పట్టీని కొద్దికొద్దిగా వదులు చేస్తూ, వేళ్ల కింద దూది పెడుతూ, చెప్పుల సైజు పెంచుకుంటూ పోవాలి. ఏడెనిమిదేళ్ల పిల్లకైతే చాలావరకు సర్దుకుంటుంది. ఎముకలు ముదిరిన పదహారేళ్ల పిల్లకు వేళ్లు మడతలోనే ఉండిపోతాయి.

అయితే మొదటి తరం మిషనరీలు అందరూ పట్టీ విప్పాల్సిందేనని పట్టుబట్టలేదు. విప్పితే పిల్లకు పెళ్లికాదు, ఆ నింద బడి మీద పడుతుంది. ఈ వెనుకడుగును పిరికితనం అనడం తేలికే గానీ, గట్టిగా పట్టుబడితే బడిలో పిల్లలే మిగిలేవారు కారు. 1902లో రాణివాసం నుంచే పాదాలు కట్టొద్దన్న ఆజ్ఞ వచ్చింది. 1912లో కొత్త రిపబ్లిక్ నిషేధించింది.

ప్రశ్న: వేల గుర్తులున్న లిపిని చిన్నపిల్లలకు ఎలా నేర్పారు?
– ఉపాధ్యాయుడు, మద్దిలపాలెం

జవాబు: పాత పద్ధతిలో ముందు కంఠస్థం, తర్వాతే అర్థం. మూడేసి అక్షరాల పాదాలను గొంతెత్తి వల్లించి, పుస్తకం కనబడకుండా గురువుకు వీపు తిప్పి నిలబడి అప్పజెప్పాలి. మన శతక పద్యాల చదువే, వీపు తిప్పడం ఒక్కటే కొత్త. గుర్తుల్లో కొన్ని ముక్కలు విడదీస్తే తేలికపడతాయి. స్త్రీ గుర్తు పక్కన బిడ్డ గుర్తు రాస్తే 'హావ్', అంటే మంచి. ఇంటికప్పు కింద స్త్రీ గుర్తు పెడితే 'ఆన్', అంటే నెమ్మది. ఇలాంటి మూలగుర్తులు 214. వాటితో నిఘంటువు వెతకడం వస్తుంది, చదవడం రాదు.

అందుకని 1851 ప్రాంతంలో నింగ్బో మిషనరీలు అక్కడి మాండలికాన్ని రోమన్ లిపిలో రాయడం మొదలెట్టారు. పలికినట్టే రాత కాబట్టి నెలల్లో చదువు వచ్చేసేది. ఆ లిపితో అంగడి బోర్డూ, అప్పుకాగితమూ చదవలేరు. గుర్తులు రాని చదువు చదువేనా అని ఊళ్లో ఎగతాళి తప్పలేదు.

ప్రశ్న: ఈ అంశం మీద డిగ్రీ ప్రాజెక్టు రాస్తున్నాను. ఊళ్ల పేర్లు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయి. ఏం చేయాలి?
– విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ప్రతి ఊరికీ ఒక కార్డు పెట్టి పాత పేరు, ఇప్పటి పేరు రెండూ రాసుకోండి. కాంటన్ – గ్వాంగ్జౌ, అమోయ్ – షియామెన్, ఫూచౌ – ఫూజౌ, నింగ్‌పో – నింగ్బో. ఒక్క పేరుతోనే వెతికితే సగం సమాచారం జారిపోతుంది. మిషనరీల ఉత్తరాలను చందాలిచ్చేవారి కోసం రాసినవని గుర్తుపెట్టుకుని చదవండి. పిల్లల కష్టం, బడి విజయం రెండూ కాస్త పెద్దవిగా కనిపిస్తాయి. ఆల్డర్సీ 1861లో ఆస్ట్రేలియా వెళ్లిపోయింది కాబట్టి, ఆ తర్వాతి నింగ్బో సంగతులు ఆమె పేరు కింద దొరకవు. ఆమె బడిని 1857లోనే ప్రెస్బిటీరియన్ మిషన్ బడిలో కలిపారు. ఆ మిషన్ పేరుతో వెతకండి.